ఛాయాచిత్రములతో కట్టడములను కొలుచుట

1858వ సంవత్సరమున జర్మనీ దేశమందలి వెట్స్‌లార్ పట్టణమున ఒక యువ వాస్తుశిల్పి ప్రాణాపాయమునుండి తృటిలో తప్పించుకొనెను. అతని పేరు ఆల్‌బ్రెక్ట్ మైడెన్‌బావర్. వయస్సు ఇరువది నాలుగేండ్లు. ఆ పట్టణపు ప్రధానమైన చర్చిని గోడగోడకు, కిటికీకిటికీకి కొలిచి పటములు గీయు పని అతనికి అప్పగింపబడినది. అంత ఎత్తు కట్టడమునకు సారువ కట్టవలెనన్నచో వ్యయము మెండు. అందుచేత అతడు కప్పీకి త్రాళ్లు కట్టి లాగెడు ఒక బుట్టలో నిలిచి పైకి పోయి కొలతలు తీసికొనుచుండెను. ఒకనాటి సాయంకాలము బుట్టలోనుండి గోపురపు కిటికీలోనికి కాలు పెట్టబోగా బుట్ట వెనుకకు జరిగెను. క్రింద చూడబోయిన గుండె ఆగునంతటి లోతు. అతడు కుడిచేతితో కిటికీ అంచును పట్టుకొని, ఎడమకాలితో బుట్టను తన్ని, శరీరమును లోపలికి విసరుకొని బ్రతికి బయటపడెను. మెట్లు దిగుచుండగనే అతనికి ఒక ఆలోచన తట్టినది. మనిషి ఎక్కి చేతితో కొలుచుటకు బదులు, దూరమున నిలిచి తీసిన ఛాయాచిత్రమునుండియే ఆ కొలతలను రాబట్టరాదా?

ఇట్టి కథయే మన దక్షిణదేశమునను ఒకటి కలదు. 1802లో మద్రాసు చెంత సుమారు ఏడున్నర మైళ్ల సరళరేఖను నేలమీద కొలిచి, దానిని ఆధారము చేసికొని ఈ దేశమంతటిని కొలువబూనిన విలియం లాంబ్టన్ అను ఆంగ్లేయుని పాఠకులు వినియుందురు. ఆయన తరువాతి కాలమున హైదరాబాదును తన స్థావరముగా చేసికొనెను. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయపు విమానము మీదికి అరటన్ను బరువుగల తన థియొడొలైటు యంత్రమును ఎక్కించుచుండగా త్రాడు తెగి, ఆ యంత్రము గోడకు కొట్టుకొని వంకరలు పోయెను. లాంబ్టను తలుపులు మూసికొని ఆరు వారములు దానిని తానే చక్కజేసెనట. చదునైన డెల్టా భూములలో నలుదెసలు కానవలెనన్న గుడి గోపురములే దిక్కు మరి.

ఒకచోట మనిషికి, ఒకచోట యంత్రమునకు కలిగిన ఈ ఆపదల వెనుకనున్న గణితము ఒక్కటియే. పాఠకులు ఇప్పుడు కూర్చున్నచోటనే దానిని పరీక్షింపవచ్చును. బొటనవ్రేలిని కంటియెదుట నిలిపి, ఎడమకన్ను మూసి కుడికంటితో చూడుడు. పిదప కుడికన్ను మూసి ఎడమకంటితో చూడుడు. వ్రేలు కదలకున్నను, వెనుకనున్న గోడపై అది ప్రక్కకు దుమికినట్లు కానవచ్చును. వ్రేలిని దూరము జరిపినకొలది ఆ దుముకు తగ్గును. ఈ దుముకును లెక్కగట్టియే మన మెదడు వస్తువు ఎంత దూరమున నున్నదో తెలిసికొనుచున్నది. రేడియోవారమగుటచే మాకు కన్నులకంటె చెవులమీద మక్కువ ఎక్కువ. ధ్వని ఏ దిక్కునుండి వచ్చుచున్నదో గుర్తించుటకును రెండు చెవులకు అందిన శబ్దములలోని స్వల్పభేదమే ఆధారమని ఇచ్చట చెప్పి ముందునకు పోయెదము.

రెండు కన్నుల నడుమ దూరము ఆరేడు సెంటీమీటర్లు మాత్రమే. దానిని 20 మీటర్లు చేసితిమనుకొందము. అనగా ఒక గుడి యెదుట 20 మీటర్ల ఎడముగా రెండు చోట్ల నిలిచి, ఒకే శిఖరమును చూచి, ఆ రెండుచోట్లను కలుపు రేఖకు అది ఎంత కోణమున నున్నదో గుర్తించితిమి. రెండుచోట్లను 60 డిగ్రీలు వచ్చినచో త్రిభుజపు మూడు భుజములును సమానమగును. కాబట్టి శిఖరము ఒక్కొక్క చోటికి సరిగా 20 మీటర్ల దూరమున నున్నది. శిఖరమును తాకలేదు, ఎక్కలేదు. లాంబ్టను చేసినది ఇదియే. కాని థియొడొలైటుతో ఒకసారికి ఒక బిందువునే చూడగలము. మైడెన్‌బావర్ గ్రహించినదేమనగా, ఛాయాచిత్రమున పడిన ప్రతి చుక్కయు ఒక కోణమే. కటకమునుండి పలకకుగల దూరము తెలిసియున్నచో, ఒక్క చిత్రమున వేలకొలది కోణములు ఒక్క క్షణమున నమోదయి ఉండును. తీరికగా బల్లయొద్ద కూర్చుండి వానిని చదువుకొనవచ్చును. 1867లో ఈ విద్యకు ఫోటోగ్రామెట్రీ అను పేరు అచ్చులో కెక్కెను. తెలుగున ఛాయాచిత్రమానము అనినచో అర్థము చెడదు.

మైడెన్‌బావర్ మాటను ప్రభుత్వము చెవిని పెట్టుటకు చాల ఏండ్లు పట్టెను. తుదకు 1885లో బెర్లినునందు ప్రష్యారాజ్యపు ఛాయాచిత్రమాన సంస్థ స్థాపితమయ్యెను. కట్టడముల రక్షణకై ప్రపంచమున ఏర్పడిన ఇట్టి సంస్థలలో అది మొదటిది. పొడవును వెడల్పును 40 సెంటీమీటర్లుగల పెద్ద గాజుపలకలపై వారు చిత్రములు తీసిరి. 1920 నాటికి అట్టి పలకలు సుమారు 20,000 పోగయినవి. వెంటనే పటములు గీయుటకు మాత్రమే కాదు, రేపు ఆ కట్టడము కూలినచో మరల కట్టుకొనుటకు పనికివచ్చునని ఆయన వానిని దాచెను. ఆ ఊహ ఎంత నిజమైనదో రెండవ ప్రపంచయుద్ధము చూపినది. బాంబులకు నేలమట్టమైన బెర్లిను కట్టడములను, వానిలో ఫ్రెంచి డోము అను గోపురమును, పునర్నిర్మించునపుడు ఆ గాజుపలకలు అక్కరకు వచ్చినవి.

మన ప్రాంతమునకు దగ్గరి ప్రసంగము ఒకటి ఇచ్చట తలపునకు వచ్చుచున్నది. కృష్ణానదిపై నాగార్జునసాగరము లేచుచుండగా, 1954 మొదలు 1960 వరకు నాగార్జునకొండ లోయను పురాతత్త్వశాఖవారు త్రవ్వి, విహారములను, చైత్యములను, క్రీడారంగమును వెలికితీసి, పటములు గీసి, ఛాయాచిత్రములు తీసి, కొన్నిటిని కొండమీదికిని, కొన్నిటిని అనుపునకును తరలించిరి. లోయ నీట మునిగెను. అదే దశాబ్దమున ఈజిప్టునందు నైలునదికి ఆనకట్ట రానుండెను. అక్కడి అబూ సింబెల్ ఆలయములను ఫ్రాన్సుదేశపు భౌగోళిక సంస్థవారు ఛాయాచిత్రమాన పద్ధతిని కొలిచి పటములు సిద్ధపరచిరి. 1964, 1968 నడుమ ఆ ఆలయములు ముక్కలుగా కోయబడి మెరకమీద మరల నిలుపబడినవి. ఆ రోజులలో ఈ పని చేయుటకు బరువైన యంత్రములును, జంట కటకముల ముందు గంటలకొలది కన్నులు నిలిపి చుక్క చుక్కను తాకుచు రేఖలు గీయు నిపుణులును కావలసియుండిరి. ఒక్క ముఖభాగమునకే వారములు పట్టెడిది.

నేడు ఆ నిపుణుని కంటిపనిని కంప్యూటరు చేయుచున్నది. ఎట్లు చేయుచున్నదో కొంచెము నిదానముగా చెప్పుకొనవలెను. కట్టడము చుట్టు తిరిగి, ఒక చిత్రమున కనబడిన భాగములో ముప్పాతిక వంతు తరువాతి చిత్రమునను కనబడునట్లు, పదులు వందలు చిత్రములు తీయుదురు. కంప్యూటరు ప్రతి చిత్రమునను గుర్తుపట్టదగిన చోట్లను వెదకును. రాతిపై చిన్న పెచ్చు, ఇటుకల మూల, సున్నముపై మరక, ఇట్టివి దానికి గుర్తులు. చిత్రము కొంత తిరిగినను, చిన్నదైనను, వెలుగు మారినను గుర్తు చెడకుండునట్లు ప్రతి చోటును సంఖ్యల వరుసగా వ్రాసికొనును. ఇట్టి పద్ధతులలో ప్రసిద్ధికెక్కినదానిని డేవిడ్ లో అను శాస్త్రజ్ఞుడు 1999లో ప్రకటించెను. అటుపై ఏ చిత్రములోని ఏ గుర్తు ఏ చిత్రములోని ఏ గుర్తుతో సరిపోవునో జతలు కూర్చును.

అసలైన చిక్కు ఇచ్చటనే కలదు. లాంబ్టనుకు తాను నిలిచిన చోటు తెలియును, శిఖరపు చోటు తెలియదు. కంప్యూటరుకో, రెండును తెలియవు. కెమెరా ఎక్కడ నిలిచినదో, ఏవైపు తిరిగియున్నదో, గుర్తులు ఎక్కడ ఉన్నవో అన్నియు ఒక్కసారి తేలవలెను. అది ఏమి చేయుననగా, మొదట ఒక ఉజ్జాయింపు వేసికొని, ఒక్కొక్క కెమెరానుండి ఒక్కొక్క గుర్తునకు కిరణమును చాచును. కిరణములు సరిగా ఒకచోట కలియవు. అపుడు అన్ని కెమెరాలను, అన్ని గుర్తులను కొంచెము కొంచెము జరిపి, మొత్తము పొరపాటు తగ్గినదా అని చూచును. నవారు మంచము బిగించిన వారికి ఈ పని సులువుగా బోధపడును. ఒకచోట లాగినచో మరియొకచోట వదులగును. చివరినుండి చివరికి పలుమార్లు లాగుచు పోయినగాని మంచమంతయు సమముగా బిగియదు. ఈ బిగింపు లెక్కను 1958లోనే డ్యూయేన్ బ్రౌన్ అను అమెరికా ఇంజనీరు రూపొందించియుండెను. దానిని లక్షల చుక్కలమీద నడుపగల యంత్రములు మాత్రము చాల వెనుక వచ్చినవి.

బిగింపు ముగిసినపిదప ఆకాశమున కట్టడపు ఆకారమున నిలిచిన చుక్కల మబ్బు తయారగును. ఆ చుక్కలను త్రికోణములతో కలిపి వలగా అల్లి, వలమీద చిత్రములలోని రంగులనే అద్దినచో, తెరమీద త్రిప్పి చూడదగిన, కొలువదగిన నమూనా సిద్ధము. 2009లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయమువారు యాత్రికులు ఇంటర్నెట్టులో ఉంచిన రోము నగరపు చిత్రములు సుమారు 1,50,000 తీసికొని, ఐదువందల గణన విభాగములుగల యంత్రసముదాయముపై ఒక్క దినములోపల ఆ నగరపు కట్టడములకు ఇట్టి రూపములు కట్టిరి. ఆ చిత్రములను తీసినవారిలో ఎవ్వరును కొలతలకై తీసినవారు కారు.

చెప్పుట వేరు, చేయుట వేరు కదా. మేమును ఒక ఆదివారము మా పెరటిలోని తులసికోటను సెల్‌ఫోనుతో చుట్టు తిరిగి అరువది చిత్రములు తీసి, ఉచితముగా లభించు ఒక ప్రోగ్రాముచే నమూనా కట్టించితిమి. కోట అడుగుభాగము ముచ్చటగా వచ్చినది. అందులకు కారణము మా నేర్పు కాదు. పసుపు, కుంకుమ బొట్లును, చుట్టునున్న ముగ్గును కంప్యూటరుకు కావలసినన్ని గుర్తులిచ్చినవి. పండుగకు క్రొత్తగా వెల్లవేసిన రెండు ముఖములలో మాత్రము పెద్ద పెద్ద కన్నములు పడినవి. ఒకే తెలుపు అంతట ఉన్నచో ఏ చుక్క ఏదో దానికి తెలియదు. తులసిమొక్క ఆకుపచ్చని పొగవలె కానవచ్చెను. గాలికి ఆకులు కదలుచుండుటచే ఏ రెండు చిత్రములును ఏకీభవింపలేదు. సగము చిత్రములు తీయునప్పటికి ఎండ తిరిగి నీడ జరుగుటచే నేలపై రెండు నీడలు పడినవి. ఇంట ఈ నమూనాను చూచినవారు కోటకంటె కన్నములనే ఎక్కువ మెచ్చుకొనిరి.

మరియొక పాఠమును నేర్చితిమి. మొదట వచ్చిన నమూనా కోటదియా, కొండదియా చెప్పుటకు వీలులేదు. చిత్రములనుండి ఆకారము తెలియునే కాని పరిమాణము తెలియదు. బొమ్మరిల్లును, దానికి సరిగా వందరెట్లున్న భవనమును ఒకే రీతి చిత్రములిచ్చును. అందుచేత ఒక అడుగుబద్దను కోట ప్రక్కన పెట్టి మరల తీసితిమి. బద్దపై రెండు గీతల నడుమ దూరము ఇంత అని చెప్పగానే మిగిలినవన్నియు కొలతలోనికి వచ్చినవి. లాంబ్టను మద్రాసు చెంత గొలుసుతో ఏడున్నర మైళ్లు కొలిచినది ఈ అక్కరకే. ఎంతటి సూక్ష్మత లభించునని అడుగువారికి ఒక లెక్క. 36 మిల్లీమీటర్ల వెడల్పు పలకపై 6,000 చుక్కలుగల కెమెరాకు 24 మిల్లీమీటర్ల కటకమును తొడిగి, 10 మీటర్ల దూరమునుండి గోడను చిత్రించినచో, ఒక్కొక్క చుక్కలో రెండున్నర మిల్లీమీటర్ల గోడ పడును. గోడలోని వెండ్రుకవాసి పగులు కావలెనన్న దగ్గరకు పోవలసినదే.

పెద్ద కట్టడముల యొద్ద చిక్కులును పెద్దవి. రామప్ప గుడి రంగమండపమున అద్దమువలె మెరయు నల్లరాతి స్తంభములు కలవు. చూచువారికి అది కన్నులపండుగ. కంప్యూటరుకు అది కంటక సమానము. నున్నని రాతిపై తళుకు మనము జరిగినకొలది జరుగును. దానిని గుర్తుగా భావించినచో స్తంభము సొట్టలు పడిన కడవవలె వచ్చును. మబ్బు పట్టిన దినమున తీయుట, తళుకును అణచు ప్రత్యేకపు గాజులను కటకమునకును దీపమునకును తొడుగుట దీనికి మందు. చార్మినారు విషయము మరియొక తీరు. 1591 నాటి ఆ కట్టడము నాలుగువైపులను ఒక్కతీరుననే ఉండును. కంప్యూటరు ఒక మినారును చూచి మరియొక మినారనుకొని, రెండిటిని ఒకదానిపైనొకటి మడచి పెట్టు ప్రమాదము కలదు. అంకెలు వేసిన గుర్తుబిళ్లలను నాలుగు ముఖములయందును వేరువేరుగా నిలుపుటయు, మూలలు తిరుగునపుడు విరామములేక దగ్గర దగ్గరగా చిత్రములు తీయుటయు అవసరము.

ఇంత శ్రమ ఎందులకన్నచో, 2019 మే నెలలో ఆ చార్మినారు మినారు ఒకదానినుండి గచ్చు పెళ్లలు ఊడి క్రింద పడినవి. నేడు ఒక నమూనా, వచ్చు ఏడాది ఒక నమూనా చేసి, రెండిటిని ఒకదానిలోనుండి ఒకటి తీసివేసినచో, గోడ ఎక్కడ ఉబ్బినదో, ఎక్కడ పెళ్ల కదలినదో కంటికి తెలియకముందే తెలియును. డ్రోను ఎగురవేసినచో సారువ లేకయే మినారు కొనవరకు చూడవచ్చును. అనుమతి లేక రక్షిత కట్టడములయొద్ద దానిని ఎగురవేయరాదని వేరుగ చెప్పనక్కరలేదు. పారిసు నగరమున నోత్ర్‌దామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న కాలినపుడు, ఆండ్రూ టాలన్ అను చరిత్రకారుడు 2010లో లేసరు కిరణములతో తీసిన వంద కోట్లకు పైబడిన చుక్కల కొలత సిద్ధముగా ఉండెను. పునరుద్ధరణకు పూనుకొన్నవారికి ఆ కొలతలును, అనేకుల ఛాయాచిత్రములును తోడ్పడినవి. 2024 డిసెంబరులో చర్చి మరల తెరవబడినది. టాలన్ మాత్రము ఆ అగ్నిప్రమాదమునకు ఐదు నెలల ముందే కాలధర్మము చెందెను.

ఎవ్వరును కొలిచి ఉంచని కట్టడము పోయినచో ఏమి చేయవలెను? క్రీస్తుశకము 7వ శతాబ్దమున హ్యుయెన్‌త్సాంగ్ మన దేశమునకు వచ్చుచు బామియాన్ లోయలో కొండకు చెక్కిన బుద్ధవిగ్రహములను చూచెను. ఆ యాత్రికుడే తరువాత మన ధాన్యకటకమునకును వచ్చెను. వానిలో పెద్దవిగ్రహము ఎత్తు సుమారు 55 మీటర్లు, చిన్నది 38 మీటర్లు. 2001 మార్చి నెలలో తాలిబానులు వానిని పేల్చివేసిరి. స్విట్జర్లండునందలి జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు, ఆర్మిన్ గ్రూన్ నాయకత్వమున, పెద్దవిగ్రహమును కంప్యూటరులో మరల నిలుపబూనిరి. ఇంటర్నెట్టు చిత్రములతో ఒకటి, యాత్రికులు తీసిన చిత్రములతో ఒకటి చేసి చూచిరి. అన్నిటికంటె నమ్మదగినది మాత్రము 1970లో ఆస్ట్రియాదేశపు ఆచార్యుడు రాబర్ట్ కోస్ట్‌కా కొలతలకై ప్రత్యేకించిన కెమెరాతో తీసిన కొద్ది చిత్రములనుండి వచ్చినది. అందునను కంప్యూటరు తనంత తాను కట్టిన రూపమున బుద్ధుని చీవరపు మడతలు నునుపై మాసిపోయినవి. ఆ మడతలను మనిషి కూర్చుండి ఒక్కొక్కటిగా చేతితో గుర్తింపవలసి వచ్చినది. ముప్పది ఏండ్లకు పూర్వము ఒక ఆచార్యుడు శ్రద్ధతో తీసిన ఆ కొద్ది చిత్రములు లేకున్నచో ఆ ముఖభాగపు కొలత మనకు దక్కెడిది కాదు.

2015లో సిరియా దేశపు పాల్మైరా నగరమున రోమనుల నాటి విజయతోరణము కూల్చబడినది. మరుసటి ఏట దాని నకలును ఛాయాచిత్రముల ఆధారముననే పాలరాతిన చెక్కించి లండను నగరపు నడిబొడ్డున నిలిపిరి. దానిని చూచి హర్షించినవారు కలరు, సంతబొమ్మ అని పెదవి విరిచినవారును కలరు. మా మట్టుకు మేము రెండవవారి మాటను పూర్తిగా త్రోసిపుచ్చలేము. కెమెరా చూచినది పైపొరను మాత్రమే. గచ్చులో కలిపినదేమో, రాతిని రాతితో ఎట్లు ముడివేసిరో, గోడలోపల ఏమి ఉన్నదో అది చెప్పజాలదు. కాని కూలిన గుడికి ఊహాచిత్రమును గీయుటకంటె కొలతగల నమూనాను ముందుంచుకొని పనిచేయుట స్థపతికి మేలని మాత్రము నిస్సంశయముగా చెప్పవచ్చును.

మన ఊళ్లలో పురాతత్త్వశాఖ పట్టికకెక్కని గుడులు, కోట బురుజులు, మండువా లోగిళ్లు కొల్లలు. జీర్ణోద్ధరణ పేరిట పాతరాయిపై రంగులు పూయుటయు, లోగిలిని పడగొట్టి మేడ లేపుటయు నిత్యము జరుగుచున్నవే. పడగొట్టవలదని మేము చెప్పబోము. అది ఇంటివారి యవసరము. ఆ పనికి ముందు ఒక పూట వెచ్చించినచో చాలును. మబ్బుగానున్న ఉదయమున, ఇంటిచుట్టు రెండడుగులకొకటి చొప్పున, ఒకసారి నిలిచి, ఒకసారి చేయి పైకెత్తి, మరియొకసారి వంగి చిత్రములు తీయుడు. దూరమునుండియే చిత్రమును పెద్దది చేసి తీయక, కాలితో నడచి దగ్గరకు పొండు. మూలలయొద్దను గుమ్మములయొద్దను దట్టముగా తీయుడు. లోపలి గదులను బయటితో కలుపునది గుమ్మమే. కొలత తెలిసిన కర్రనొకదానిని రెండుమూడు చోట్ల కనబడునట్లు ఉంచుడు. కొలతనును, తేదీనిని కాగితముపై వ్రాసి దానినిగూడ ఒక చిత్రము తీయుడు.

ఆ చిత్రములను బంధువులకు ఫోనుద్వారా పంపునపుడు అవి కుదింపబడి సూక్ష్మవివరములు పోవును. కాబట్టి మొదటి ప్రతులను మార్పక రెండు వేరువేరు చోట్ల భద్రపరుపవలెను. నమూనా నేడే కట్టింపనక్కరలేదు. నమూనాలు దాచిన పద్ధతులు పది పదిహేనేండ్లకు పాతబడి తెరవరాకపోవుట కలదు. చిత్రములు ఉన్నచో, రానున్న యంత్రములు ఇంకను మేలైన నమూనాను వానినుండియే తీయగలవు. మా తులసికోటను వెల్ల మాసిన తరువాత మరల తీయుదమని అరువది చిత్రములను అడుగుబద్దతో సహా దాచియుంచితిమి.